మంచు చరియలు, మంచు మేటలు: విశాఖ నుంచి హిమాలయాలకు వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా విశాఖ నుంచి చిన్న చిన్న బృందాలుగా మంచు ట్రెక్కులకు వెళ్తుంటాం. బయల్దేరే ముందు ఒక ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని మాట్లాడుకోవడం అలవాటు. బూట్లు, జాకెట్లు, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు, ఇవన్నీ అయ్యాక ఎవరో ఒకరు కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కడ మంచు విరిగి మీద పడుతుందట కదండీ?" ఇక గంటసేపు అదే టాపిక్. అక్కడ చెప్పే జవాబులనే ఇక్కడ రాశాను. ఇది చదివేసి మంచు చరియల మీద కోర్సు చేసినట్టే అనుకోవద్దు. నేను కోర్సు చేసి వచ్చాక కూడా గైడ్‌ని అడగకుండా వాలు దాటను.

హిమపాతం అంటే మంచు కురవడమా, చరియ విరిగిపడటమా?

మన చిక్కు ఈ మాట దగ్గరే మొదలవుతుంది. లంబసింగిలో తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, పాడేరు ఘాట్‌లో హెడ్‌లైట్ల ముందు కమ్మేసేదీ మంచే, ఆకాశంలోంచి దూదిలా రాలేదీ మంచే. పేపర్లో "భారీ హిమపాతం" అని ఉంటే మంచు బాగా కురిసిందో, చరియ విరిగి మనుషులు పోయారో కింద చదివితే గానీ తెలియదు.

అందుకని ఈ పేజీలో మూడు మాటలు వాడతాను. పైనుంచి పడేది మంచు. అది వారాల తరబడి పొరలు పొరలుగా పేరుకుంటే మంచు మేట. ట్రెక్కర్లు స్నోప్యాక్ అంటారు. ఆ మేటలో కొంత భాగం ఒక్కసారిగా వాలు మీంచి జారితే మంచు చరియ, అంటే అవలాంచ్.

"లంబసింగి వెళ్లొచ్చామండీ, మంచు మాకు అలవాటే" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు. కొర్రబయలు (లంబసింగికి ఇంకో పేరు) చలి చలే, కాదనను. కానీ అక్కడ కనిపించేది గడ్డకట్టిన తేమ. జారిపడటానికి మేటంటూ ఉండాలి కదా.

సముద్రం ఒడ్డున ఉండే మనకి ఇదంతా ఎందుకు?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటిన రోజు. ఆ రోజు కిటికీ అద్దాలు, చెట్లు, ఎయిర్‌పోర్టు పైకప్పు ఎలా పోయాయో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. తర్వాత ఆ తుఫాను ఏమైందో మాత్రం చాలామందికి తెలియదు. మనం చీకట్లో నీళ్ల ట్యాంకర్ కోసం లైన్లో నిలబడ్డ రోజుల్లో అది బలహీనపడుతూ ఉత్తరానికి వెళ్లింది. దాని తేమ పశ్చిమం నుంచి వచ్చిన చల్లటి గాలులతో కలిసి, అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానుగా మారింది. అక్కడ ట్రెక్కింగ్‌కి అక్టోబరు మంచి సీజన్. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటుతున్నవాళ్లు ఆ మంచులో, చరియల్లో చిక్కుకున్నారు. ముస్తాంగ్, మనాంగ్ జిల్లాల్లో 40 మందికి పైగా చనిపోయారు. ట్రెక్కర్లు, గైడ్లు, స్థానికులు అందరూ ఉన్నారు అందులో.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే హిమాలయాల్లో ఉన్నవాళ్లు కూడా ఒక కన్నేసి ఉంచాలి. నేను అప్పటి నుంచి అక్టోబరు, నవంబరు ట్రెక్కులకు వెళ్లినా వాతావరణ శాఖ తుఫాను బులెటిన్ చూడటం మానలేదు.

అసలు మంచు ఎందుకు విరుగుతుంది? నేల మీద అతుక్కుని ఉండదా?

ఆత్రేయపురం పూతరేకు గుర్తు తెచ్చుకోండి. రేకు మీద రేకు, మధ్యలో పంచదార పొడి. మడత విప్పి పళ్లెంలో పరిచి, పళ్లేన్ని మెల్లగా ఒక పక్కకి వంచండి. పై రేకు పంచదార మీంచి జారుతుంది. కింది రేకు కదలదు. మంచు మేట దాదాపు అంతే.

మనుషుల్ని ఎక్కువగా చంపే రకం చరియలో మూడు భాగాలుంటాయి. పైన కాస్త గట్టిపడి పలకలా అతుక్కున్న పొర. దాని కింద పట్టులేని బలహీనమైన పొర. ఇంకా కింద పలక జారడానికి వీలైన గట్టి పొర. పలక మీద బరువు పడితే కింది పొర నలిగిపోతుంది. ఆ నలుగుడు క్షణాల్లో పక్కలకి పాకి, పలక మొత్తం ఒక్కసారి తెగి కదులుతుంది. మీరు నిలబడ్డ చోటే పగలాలని లేదు. మీ పైన 50 మీటర్ల దూరంలో పగలొచ్చు.

ఇంతకీ ఆ పంచదార ఎక్కడి నుంచి వస్తుంది? ఇది తెలుసుకోవాల్సిన విషయం. సీజన్ మొదట్లో, నవంబరు, డిసెంబరుల్లో పలచగా మంచు పడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాత్రుళ్లు విపరీతమైన చలి. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీలకి దగ్గరగా ఉంటే, పైభాగం మైనస్ 15కి పోతుంది. మేట పలచగా ఉంది కాబట్టి తక్కువ మందంలోనే అంత తేడా. అడుగున ఉన్న తేమ ఆవిరై పైకి పోతూ దారిలో రేణువుల్ని మార్చేస్తుంది. 10 సెంటీమీటర్లకి ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే ఈ మార్పు జోరుగా సాగుతుందని లెక్క. నునుపైన మంచు కాస్తా పలకలు తేలిన గింజలుగా మారుతుంది. గుప్పెట్లోకి తీసుకుంటే ముద్ద కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అచ్చం పంచదారే. ఇంగ్లిషులోనూ దాన్ని షుగర్ స్నో అనే పిలుస్తారు.

జనవరి, ఫిబ్రవరుల్లో పశ్చిమ అలజడులు (మధ్యధరా వైపు నుంచి వానను, మంచును మోసుకొచ్చే చలికాలపు అల్పపీడనాలు) వచ్చి రెండు మూడు రోజుల్లో అడుగుల కొద్దీ మంచు కురిపిస్తాయి. ఆ బరువంతా ఈ పంచదార మీద కూర్చుంటుంది. పైకి చూస్తే తెల్లగా, అందంగా, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. అడుగున సంగతి పైకి తెలియదు.

ఎంత వాలు ఉంటే ప్రమాదం?

పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులో వస్తాయి. 38 డిగ్రీల చుట్టుపక్కల మరీ ఎక్కువ. 45 కన్నా నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 30 కన్నా తక్కువైతే జారడం అరుదు.

38 డిగ్రీలంటే కంటికి ఎలా ఉంటుందో తెలియాలంటే మీ అపార్ట్‌మెంట్ మెట్లు చూడండి. 7 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు ఉన్న మెట్లయితే ఆ వాలు 35 డిగ్రీలు. లిఫ్ట్ ఆగినప్పుడు మీరు తిట్టుకుంటూ ఎక్కేదే. పోర్టులో ఇనుప ఖనిజం కుప్ప పోస్తే దాని పక్కలు నిలిచే వాలు కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది. గుండె జారిపోయేంత నిటారుగా ఉన్నవే ప్రమాదం అనుకుంటారు గానీ, "ఇది ఎక్కేయొచ్చు" అనిపించే వాలులే ఎక్కువ పని పడతాయి.

ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది. ట్రెక్కింగ్ కర్రని వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెడితే చాలు. ఇంకో సంగతి: మీరు నడిచే దారి చదునుగా ఉన్నా, పైన 35 డిగ్రీల వాలు ఉంటే మీరు ప్రమాదంలో ఉన్నట్టే. జారింది కిందికే వస్తుంది.

గట్టిగా అరిస్తే చరియ పడుతుందా?

పడదు. సినిమా వాళ్ల సృష్టి. మనిషి గొంతుకి అంత బలం లేదు. మనిషి బరువుకి ఉంది. ట్రెక్కర్లు, స్కీయర్లు చిక్కుకున్న ప్రమాదాల్లో దాదాపు 90 శాతం సార్లు ఆ చరియని కదిలించింది చిక్కుకున్న మనిషో, ఆ బృందంలోని ఇంకొకరో. అలాగని పాటలు పెట్టుకుని నడవమని కాదు, పక్కవాళ్లకి విసుగు.

ముందుగా ఏదైనా సూచన ఇస్తుందా?

ఇస్తుంది. చాలాసార్లు మనమే వినం.

అన్నిటికన్నా పెద్ద సూచన, పక్క వాలు మీద తాజాగా పడిన చరియ. అదే దిక్కుకి, అదే ఎత్తులో ఉన్న వాలు మీరు ఎక్కబోతుంటే ఇక ఆలోచించక్కర్లేదు. రెండోది శబ్దం. అడుగు వేయగానే కాళ్ల కింద "వుంఫ్" అని, బియ్యం బస్తా మేడ మీంచి పడేసినట్టు మొద్దుగా వినిపిస్తుంది. నేను మొదటిసారి విన్నప్పుడు చెవితో కన్నా కడుపుతో విన్నాను. కింద బలహీనమైన పొర కూలిన చప్పుడది. అక్కడ నేల చదునుగా ఉంది కాబట్టి నేను ఇది రాస్తున్నాను. మూడోది, మీ బూటు దగ్గర నుంచి అద్దం చిట్లినట్టు పగుళ్లు పరిగెత్తడం.

వాతావరణం ఇచ్చే సూచనలు వేరు. ఒక రోజులో 30 సెంటీమీటర్లు, ఆ పైన కొత్త మంచు కురిస్తే జాగ్రత్త. మంచు మీద వాన పడితే జాగ్రత్త. ఉన్నట్టుండి ఎండ కాసి వేడెక్కినా అంతే.

గాలి గురించి మనకి తెలిసినంత ఎవరికి తెలుసు? బీచ్ రోడ్డు మీదకి ఇసుక మేట వేసేది గాలే కదా. శిఖరం మీద కూడా గాలి ఒక పక్క మంచుని ఊడ్చి, రెండో పక్క పోగేస్తుంది. ఆకాశంలోంచి చుక్క మంచు పడకపోయినా, గాలి చాటు వాలు మీద కొన్ని గంటల్లో అడుగుల కొద్దీ చేరుతుంది. అంచున చూరులా ముందుకి వేలాడే మంచు కనిపిస్తే గాలి ఎటు నుంచి వీచిందో అర్థం చేసుకోవచ్చు. ఆ చూరు కింద నడవకూడదు, పైకెక్కి అంచున నిలబడి సెల్ఫీ అసలే వద్దు. కాళ్ల కింద కొండ ఉందో గాలే ఉందో పై నుంచి తెలియదు.

గుంట తవ్వి పరీక్ష చేస్తారంట, అదేమిటి?

కోర్సులో మా ఇన్‌స్ట్రక్టర్ చేయించినది చెప్తాను. వాలుగా ఉన్న, కానీ ప్రమాదం లేని చోట ఛాతీ లోతు గుంట తవ్వాం. ఎగువ గోడని పారతో నున్నగా చెక్కితే పొరలు కేకు కోసినట్టు కనిపించాయి. ఆయన చేతి గ్లవ్ తీసి గోడలో పై నుంచి కిందికి నొక్కుతూ పోయారు. ఒక చోట పిడికిలి దూరింది, ఇంకో చోట ఒక్క వేలే, మరో చోట పెన్సిల్ మాత్రమే. అడుగు నుంచి ఓ జానెడు పైన మళ్లీ పిడికిలి సునాయాసంగా దూరిపోయింది. అక్కడి మంచు గలగలా రాలింది. "అదిగో మీ పంచదార" అన్నారు హిందీలో.

తర్వాత 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న దిమ్మని చుట్టూ రంపంతో వేరు చేశాం. ఒక చివర పార పెట్టి దాని మీద చేత్తో కొట్టాలి. మణికట్టు నుంచి 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10. మోచేతి దెబ్బలు మొదలయ్యాక మూడోదానికి దిమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి తెగి, పై భాగం మొత్తం నా ఒళ్లోకి జారింది. పగులు అలా అడ్డంగా మొత్తం పాకితే చెడ్డ గుర్తు.

గుంట బాగుందని తేలితే వాలు బాగున్నట్టేనా అంటే, కాదు. 20 అడుగుల అవతల ఇంకోలా ఉండొచ్చు. పరీక్ష చెడుగా వస్తే నమ్మాలి, మంచిగా వస్తే అనుమానించాలి.

మన దేశంలో హెచ్చరికలు ఎవరిస్తారు?

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకి చెందిన డీజీఆర్‌ఈ (డిఫెన్స్ జియోఇన్ఫర్మాటిక్స్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్). చండీగఢ్‌లో ఉంది. ఇదివరకు సాసే అనే సంస్థ ఈ పని చేసేది. 2020లో దాన్ని ఇందులో కలిపేశారు. శీతాకాలంలో జిల్లాల వారీగా, ఎత్తుని బట్టి ప్రమాద స్థాయి చెప్తారు. స్థాయిలు ఐదు.

ఇక్కడ విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. పోర్టులో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని టీవీలో వస్తే మనం ఏం చేస్తాం? వేటకెళ్లే మత్స్యకారులు ఆగుతారు, మిగతావాళ్లం బీచ్‌కెళ్లి అలలు చూస్తాం. ఎందుకంటే ఆ నంబర్లు 11 దాకా ఉన్నాయి. ఆ అలవాటుతో అక్కడికెళ్లి "మూడేగా" అనుకుంటే కొంప మునుగుతుంది. మంచు చరియల్లో మూడంటే, మనిషి బరువుకే వాలు కదలొచ్చని అర్థం. ఐరోపా, ఉత్తర అమెరికా లెక్కల్లో ఎక్కువ చావులు నమోదైంది ఈ మూడో స్థాయి రోజుల్లోనే. నాలుగు, ఐదు అంటే జనం భయపడి బయటికి వెళ్లరు మరి.

నేను పర్వతారోహకుణ్ని కాదు, ఫ్యామిలీతో టూర్ వెళ్తున్నా. నాకేం సంబంధం?

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూ లా వెళ్లే రోడ్డు పక్కన చరియ పడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. వాళ్లు ఏ శిఖరమూ ఎక్కడం లేదు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు పనుల క్యాంపు మీద పడింది. 54 మందిలో 46 మందిని కాపాడారు, 8 మంది పోయారు. అటు వైపు బాగా శిక్షణ ఉన్నవాళ్లనీ వదల్లేదు: 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం ద్రౌపదీ కా డాండా మీద చరియలో చిక్కుకుని 27 మందిని కోల్పోయింది, ఇంకో ఇద్దరి ఆచూకీ అప్పట్లో దొరకలేదు.

టూరిస్టులకి నా సలహా చిన్నదే. రోడ్డు మీద "ఆగరాదు" అని బోర్డు ఉన్న చోట ఆగకండి. సైనికులో, సరిహద్దు రోడ్లు చూసే బీఆర్‌వో వాళ్లో "ఇక్కడి నుంచి ముందుకి వద్దు" అంటే బతిమాలకండి.

చెట్లున్న చోట టెంట్ వేసుకుంటే సేఫేనా?

దట్టమైన అడవి కొంత నయం, మంచుని పట్టి ఉంచుతుంది. కానీ చెట్ల మధ్య నుంచి స్కీ వేసుకుంటూ పోగలిగేంత ఖాళీ ఉంటే చరియ కూడా పోగలదు. కొండ మీద నుంచి కిందికి చెట్లు లేని పట్టీ కనిపించినా, ఎగువ వైపు కొమ్మలు విరిగిపోయి ఒక పక్కకే కొమ్మలున్న చెట్లు కనిపించినా, అది చరియ నడిచే దారి.

ఒకసారి ఒక ట్రెక్కింగ్ కంపెనీ వాళ్లు మా టెంట్లని సరిగ్గా అలాంటి పట్టీ చివర వేశారు. నీళ్లు దగ్గరట. "ఇరవై ఏళ్లుగా ఇక్కడే వేస్తున్నాం సార్, ఏమీ కాదు" అన్నాడు లీడర్. గంట వాదన, చీకటి, చలి, మాలోనే సగం మంది "వదిలెయ్ అన్నా, పడుకుందాం" అని. చివరికి 200 మీటర్లు పక్కకి, చిన్న దిబ్బ మీదకి మార్పించాం. ఆ రాత్రి ఏ చరియా పడలేదు. మర్నాడు టీ తాగుతూ నన్ను బాగా ఆటపట్టించారు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ మార్పిస్తాను.

మన గెడ్డల్లాంటి ఇరుకు లోయల్లో అసలు ఆగకండి. చిన్న చరియ పడినా అక్కడ మంచు లోతుగా నిండిపోతుంది.

ఏ నెల, ఏ టైము మంచిది?

మంచు కురిసిన తర్వాతి ఒకటి రెండు రోజులు ఎప్పుడైనా చెడ్డవే. వసంతంలో, అంటే మార్చి నుంచి, రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది. అందుకే చీకటితో బయల్దేరి, మధ్యాహ్నానికి ముందే వాలు దిగిపోవాలి.

ఏ సామాన్లు కావాలి?

ప్రమాదమున్న వాలుల్లోకి వెళ్తుంటే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు: ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి వెతికే మడిచే ప్రోబ్ కర్ర, లోహపు పార. ట్రాన్స్‌సీవర్ 457 కిలోహెర్ట్జ్‌లో సంకేతం పంపుతుంది. పూడిపోయిన మనిషిని దానితోనే వెతుకుతారు. ఫోన్‌ని దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, వెతికేటప్పుడు 50. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగ. జానెడు ప్లాస్టిక్ పారలు తేవద్దు. ఆగిన చరియ సిమెంటులా బిగుసుకుంటుంది.

ప్రాక్టీసు రుషికొండ దగ్గర ఇసుకలో చేయిస్తాం. ఒక డబ్బాలో ట్రాన్స్‌సీవర్ పెట్టి పాతేసి వెతకమంటాం. కిందటిసారి జనం మూగారు. ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి, "గొలుసు పోయిందా బాబూ?" అని తనూ ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. మావాళ్లకి మొదటిసారి 11 నిమిషాలు పట్టింది. ఎండలో, చదునైన చోట, టెన్షన్ లేకుండా.

శాటిలైట్ ఫోన్ కొనుక్కొస్తామనేవాళ్లకి: అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది.

పక్కవాడు పూడిపోతే ఎంత టైముంటుంది?

స్విట్జర్లాండ్ లెక్కలు చూస్తే, పూర్తిగా పూడిపోయినవాళ్లని 10 నిమిషాల్లోపు తీస్తే 10 మందిలో 9 మంది బతుకుతారు. అరగంట దాటితే మూడో వంతు కూడా మిగలరు. ఎక్కువమంది పోయేది ఊపిరాడకే. హెలికాప్టర్ వచ్చేసరికి ఆ టైము అయిపోతుంది, కాబట్టి కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే.

చివరిసారి ఎక్కడ కనిపించాడో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. పైనుంచి ఇంకోటి వచ్చేలా ఉందేమో చూడండి. మిగిలిన అందరి ట్రాన్స్‌సీవర్లూ వెతికే మోడ్‌కి మార్చండి. కళ్లతో కూడా వెతకండి, గ్లవ్, బ్యాగు, చెయ్యి ఏదైనా పైన తేలి ఉండొచ్చు. ప్రోబ్ తగిలాక దాన్ని తీయకుండా, కొంచెం దిగువ నుంచి తవ్వుకుంటూ పైకి రండి. ముందు ముఖం, ఛాతీ.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పది మంది జవాన్లు పూడిపోయారు. మన కర్నూలు జిల్లా జవాను ముస్తాక్ అహ్మద్ వాళ్లలో ఒకరు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో దొరికారు, ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన సంగతి చెప్పి "ఆరు రోజులైనా బతకొచ్చుగా" అంటారు కొందరు. ఆ లెక్కతో తవ్వడం ఆలస్యం చేయకండి.

నేనే చిక్కుకుంటే?

కేక వేయండి, చేతిలో కర్రలు వదిలేయండి, పక్కకి బయటపడటానికి శాయశక్తులా పెనుగులాడండి. వేగం తగ్గుతున్నట్టు అనిపించగానే చేతులు ముఖం ముందుకి తెచ్చి ఊపిరికి కాస్త చోటు చేసుకోండి. ఆగాక వేలు కూడా కదలదు.

మా అమ్మాయిని పంపొచ్చా బాబూ?

తల్లులు అడిగే ఈ ప్రశ్నకి అవును, కాదు అని చెప్పను. ట్రెక్ నడిపేవాళ్లకి ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగమంటాను. దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులు ఎక్కడెక్కడున్నాయి? ఈ వారం బులెటిన్ ఏం చెప్పింది? వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరినే పంపిస్తారా, గుంపుగానా? కిందటేడు ఎన్నిసార్లు మధ్యలోంచి వెనక్కి తెచ్చారు? ఆఖరి ప్రశ్నకి "మేమెప్పుడూ వెనక్కి రాలేదమ్మా, సమ్మిట్ గ్యారంటీ" అని జవాబొస్తే వేరే కంపెనీ చూసుకోండి.

ఇంకోటి, అక్కడ రెండు మూడు రోజులు సిగ్నల్ ఉండదు. ఏ రోజు ఏ ఊరు దిగి ఫోన్ చేస్తుందో ముందే కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించుకోండి. దానికి ఒక రోజు కలిపి లెక్కేసుకోండి. మంచు ఎక్కువై వెనక్కి తిరిగితే అటూ ఇటూ ఓ రోజు ఆలస్యం మామూలే.